ఉల్లిపాయ పాట అని పేరు పెట్టారు

మేమిద్దరం మొగుడూ పెళ్ళాలం. పెళ్ళిళ్ళలో పాడతాం. ఆయన గిటారు, నేను గొంతు, మిగతా వాయిద్యాలన్నీ ల్యాప్‌టాప్‌లోంచి వస్తాయి. చిలకలూరిపేటలో హైవే పక్కన పత్తి జిన్నింగు మిల్లుల వెనక సందులో మా ఇల్లు. పెళ్ళికూతురు హాల్లోకి వచ్చేటప్పుడు ఒక సినిమా పాట, కేకు కోసేటప్పుడు ఒకటి, జనం భోజనాల దగ్గర తోసుకుంటుంటే మెత్తగా ఇంకొకటి. అన్నీ ఎవరెవరి పాటలో. మాది అని చెప్పుకోడానికి ఒక్కటన్నా ఉండాలని మా ఆయనకి పిచ్చి. సరే, ఒకటి చేశాం. రాక్ పాట. ఆల్బమూ కాదు గిల్బమూ కాదు, ఒక్కటే పాట, సింగిల్ అంటారు దాన్ని. అది మీ ఫోన్లోకి కూడా వచ్చే ఉంటుంది. మీరూ నవ్వే ఉంటారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ పాట ఎవరిదో తెలుసుకుని నవ్వండి. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ పాట మా అత్తగారిది.

మా ఆయన వాళ్ళది ప్రత్తిపాడు పక్కన పల్లె. కొంత మిరప, కొంత పత్తి. మామగారు మా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో ఉండేది మా అత్తగారూ, మా బావగారూ. బావగారంటే మా ఆయనకి అన్న. సేద్యమంతా ఆయనదే. తమ్ముడు గిటారు భుజాన వేసుకుని ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే ఊళ్ళోవాళ్ళు "ఏరా, మీవాడికి పనీ పాటా లేదా" అనేవాళ్ళు. "పని నేను చేస్తున్నా, పాట వాడు పాడుతున్నాడు, మీకేంట్రా నొప్పి" అనేవాడాయన. ఆ మనిషికి పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడక్కండి, నాకు ఒళ్ళు మండుతుంది. "అబ్బాయి ఏం చేస్తాడండీ?" "వ్యవసాయమండీ." అంతే, అటువైపు ఫోను పెట్టేసేవాళ్ళు. ఇంటికొచ్చి, కాఫీలు తాగి, చేలు చూసి, బాగున్నాయని మెచ్చుకుని పోయినవాళ్ళు కూడా మళ్ళీ మాట్లాడలేదు. పొలం బాగుండాలంట, పొలంలో దిగేవాడు మాత్రం అల్లుడు కాకూడదంట.

ఒక పొద్దున మిరపతోటకి నీళ్ళు పెడదామని వెళ్ళి మోటారు స్టార్టరు మీద చెయ్యేశాడు. తడి చెయ్యి, పాడైన వైరు. పక్క చేలోవాళ్ళు చూసేసరికే అంతా అయిపోయింది.

మా నాన్న హైస్కూలు మాస్టారు. మా పుట్టింటి వైపు ఎవరైనా పోతే తలుపు దగ్గరికి వేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తారు. కొంచెం గట్టిగా ఏడిస్తే "ఊరుకో, పక్కింటివాళ్ళు వింటారు" అంటారు. అలాంటి ఇంట్లోంచి వచ్చినదాన్ని, ఆ రోజు మా అత్తగారి ఏడుపు విని కొయ్యబారిపోయాను. ఆవిడ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని రాగం ఎత్తింది. శోకాలు పెట్టడమంటారు దాన్ని. పోయినవాడి గుణాలూ, తిండీ, అలవాట్లూ అన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటూ, ప్రతి మాట చివరా ఊపిరి అయిపోయిందాకా లాగుతూ ఏడవడం. ఏ ఆడమనిషి రాగం ఆ మనిషిదే. మా అత్తగారి రాగం వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చిందంట. తన తల్లి పోయినా, మొగుడు పోయినా, కొడుకు పోయినా, ఆవిడకి ఆ రాగం ఒక్కటే.

"గట్టు మీద అన్నం మూట విప్పావా నాయనో
పిడికిలితో ఉల్లిపాయ చితక్కొట్టావా నాయనో
ఉల్లిపాయ లేందే ముద్ద దిగదు గదా నాయనో
ఈ పూట నీకెవరు పెట్టారు నాయనో"

బావగారి అలవాటది. చేలో అన్నం తినేటప్పుడు ఉల్లిపాయని కత్తితో కొయ్యడు. గట్టు మీద రాయి చూసుకుని దాని మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు. పొరలు విడిపోతే, పక్కన ఎవరుంటే వాళ్ళకి మంచి పొర ముందు ఇచ్చి తర్వాత తను తినేవాడు. నాకూ ఇచ్చాడు ఎన్నోసార్లు. మా అత్తగారు ఆ మాట ఎత్తుకోగానే బయట అరుగు మీద కూర్చున్న మగాళ్ళు తువ్వాళ్ళు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళందరూ ఆయన పక్కన కూర్చుని తిన్నవాళ్ళే. అక్కడ ఒక్కడూ నవ్వలేదు. మళ్ళీ చెప్తున్నాను, ఒక్కడు కూడా నవ్వలేదు.

ఆ ఒక్క రోజుతో అయిపోయేది కాదది. ఆ వైపు ఆచారం ఏంటంటే, చావుకి రాలేకపోయిన చుట్టం తర్వాత ఎప్పుడొచ్చినా సరే, గుమ్మం దగ్గరే ఆడవాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని రాగం తీసి ఏడవాలి. ఆ తర్వాతే కుర్చీ, మంచినీళ్ళు, పిల్లలెలా ఉన్నారు, పంటలెలా ఉన్నాయి. కొత్తలో నాకు ఇదేంటో అర్థమయ్యేది కాదు. అప్పటిదాకా నవ్వుతూ చిక్కుళ్ళు వలిచిన మనిషి ఆటో దిగిన చుట్టాన్ని చూడగానే గుండెలు బాదుకునేది, అది అవగానే కళ్ళు తుడుచుకుని కాఫీ పెట్టేది. నటన అనుకున్నాను. తప్పు. అది నటన కాదు. విని విని ఆ రాగం నాకు కంఠతా వచ్చేసింది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "అత్తయ్యా, వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ఇట్లా ఏడిస్తే మీ ఒళ్ళేం కావాలి?"

"వాడికెవరున్నారమ్మాయ్?" అంది. "పెళ్ళామా, పిల్లలా? మీ మామయ్య పోతే ఏడవడానికి మేం ముగ్గురం ఉన్నాం. వాడికి నేను తప్ప ఎవరేడుస్తారు? నేను ఏడ్చినంతకాలం వాడున్నట్టు. నేను మానేస్తే వాడు పుట్టనే లేదన్నట్టు."

ఇంక నేనెప్పుడూ ఆవిణ్ణి ఊరుకోమని అనలేదు.

మా ఆయన మాత్రం ఏడవలేదు. కొరివి పెట్టిన రోజు కూడా ఏడవలేదు. చిలకలూరిపేట వచ్చేశాక కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం గిటారు తీసి, యాంప్లిఫయరు గొంతు చించుకునేలా పెంచి, వాళ్ళమ్మ రాగం వాయించడం మొదలుపెట్టాడు. నేను వంటింట్లో చారు పోపు పెడుతున్నాను. స్టవ్వు ఆపేసి వచ్చి పక్కన నిలబడి గొంతు కలిపాను. అయ్యాక ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేకపోయాం. "ఇదే" అన్నాడు. మళ్ళీ తనే "ఛీ, అమ్మ ఏడుపుని పట్టుకెళ్ళి బజార్లో పెడతామా" అన్నాడు.

అడక్కుండా చేసుంటే ఇవాళ తప్పు మాదేనని గుండెలు బాదుకుని ఊరుకునేవాళ్ళం. అదీ లేదు. ఊరెళ్ళి ఆవిణ్ణే అడిగాం. ఆవిడ కొడుకుని అడిగింది.

"నేనేడిస్తే ఈ వీధి వింటది. మీరు పాడితే ఎంతమంది వింటారురా?"

"అదృష్టం బాగుంటే అందరూ వింటారమ్మా."

"అయితే పాడండి. వాడి కోసం అందరూ ఏడవాలి."

నాకు రాగం సరిగ్గా నేర్పడానికి కల్లంలోకి రమ్మంది. దీపం పెట్టే ఇంట్లో చావు లేకుండా శోకం ఎత్తకూడదంట, ఇంటికి అరిష్టమంట. కల్లం నిండా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. కూలీలు రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నారు. ఆ ఘాటుకి దగ్గుతూ, కళ్ళ నీళ్ళు కారుస్తూ నేను పాడుతుంటే ఆవిడ "అమ్మాయ్, నువ్వు పాటలాగా పాడుతున్నావు, అట్లా పాడమాక. ఊపిరి అయిపోయిందని ఆగమాక. అయిపోయినాక వస్తదే, ఆ గొంతు కావాలి" అనేది. ఏరేవాళ్ళు పని ఆపి మమ్మల్నే చూశారు. ఒకావిడ వచ్చి మా అత్తగారి భుజం మీద చెయ్యేసి నిలబడింది.

ఉల్లిపాయ దగ్గర మాత్రం చిన్న పేచీ వచ్చింది. మా ఆయనకి ఆ మాట అడ్డం తగిలింది. గిటారు అంత గంభీరంగా మోగుతుంటే ఉల్లిపాయేంటి, వినేవాళ్ళు ఏమనుకుంటారు, దాని బదులు ముద్ద దిగలేదు అని ఊరుకుందాం అన్నాడు. నేనూ సరేనన్నాను. మా అత్తగారు ససేమిరా అంది.

"ఉల్లిపాయ తీసేస్తే అది ఎవడి కోసమన్నా ఏడ్చే ఏడుపేరా. మా వాడి కోసం ఎట్లా అయిద్ది?"

ఉంచేశాం. అక్కడే దెబ్బ తిన్నాం. అయినా ఇవాళ అడిగినా అంటాను, ఆవిడ చెప్పిందే రైటు. శోకం అంటే అదే కదా మరి. ఎవరు పోయారో ఆ మనిషి అలవాటు పేరు పెట్టి చెప్పకపోతే ఇంక ఆ ఏడుపెందుకు?

మా పడగ్గదినే స్టూడియో చేశాం. గోడలకి పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీశాం. అయినా మిల్లు రొద లోపలికి వచ్చేది, హైవే మీద లారీ హారన్లు సరేసరి. మిల్లు ఆగినప్పుడు మేం మొదలుపెట్టేవాళ్ళం. చివరి మాట దగ్గర నా ఊపిరి నిజంగానే అయిపోయి, గొంతు చీరుకుపోయి, ఏదో జంతువు అరిచినట్టు వచ్చింది. మళ్ళీ పాడతానన్నాను. "వద్దు, అదే ఉంచుతున్నా" అన్నాడు మా ఆయన. బొంతలు వేలాడే ఆ గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అన్న పోయాక మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చాడు.

పాట బయటపెట్టాం. మొదట ఎవరికీ పట్టలేదు. ఆర్కెస్ట్రా వాళ్ళు "ఏంటక్కా ఇది, చావు పాట పాడితే మిమ్మల్ని పెళ్ళిళ్ళకి ఎవరు పిలుస్తారు" అన్నారు. మా నాన్న ఫోను చేసి "గొంతు బాగుందమ్మా, మరీ అంత అరవాలా" అన్నాడు. కానీ ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ పాట కింద రాసింది, మా తమ్ముడు గుర్తొచ్చాడు, ఇవాళ ఇంట్లో పని చేసుకోలేకపోయాను అని. దాన్ని ఫోన్లో మా అత్తగారికి చదివి వినిపించాను. "మళ్ళీ చదువు" అంది. చదివాను. "ఎవరమ్మాయ్ ఆమె? ఏ ఊరు?" అంది. తెలియదన్నాను. "ఎవరో తల్లి, చల్లగా ఉండాలి" అంది. ఆ ఒక్క మాట చాలు మాకు. అక్కడితో ఆగిపోయినా బాగుండేది.

ఎవడో ఒకడు, ఏ ఊరోడో తెలియదు, పాటలో ఉల్లిపాయ మాట ఉన్న ముక్క ఒక్కటీ కత్తిరించి రీల్ చేశాడు. ముందు బిర్యానీ ప్లేటు. ప్లేటులో ఉల్లిపాయ వెయ్యలేదు. వాడు నెత్తిన తువ్వాలు కొంగులాగా కప్పుకుని, నా గొంతుకి పెదాలు కదుపుతూ, నెత్తి కొట్టుకుంటాడు. ఉల్లిపాయ లేందే ముద్ద దిగదు గదా నాయనో. అంతే ఉంది అందులో. అది చాలు, దావానలంలా అంటుకుంది. బిర్యానీ హోటళ్ళవాళ్ళు పెట్టుకున్నారు. క్రికెట్‌లో ఓడిపోతే పెట్టుకున్నారు. పరీక్ష తప్పినవాళ్ళు పెట్టుకున్నారు. కుక్కకి కొంగు కప్పి ఏడిపించారు. ఉల్లిపాయల రేటు పెరిగితే టీవీ వార్తల్లో బస్తాలు చూపిస్తూ వెనకాల నా గొంతు వేశారు. పాటకి మేం పెట్టిన పేరు ఎవరికీ తెలియదు. ఉల్లిపాయ పాట. అదే దాని పేరయిపోయింది.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడంట ఇంకొకడు. వీళ్ళు నిప్పడిగి ఊరుకోలేదు, చుట్టూ చేరి డాన్సు వేశారు.

ఒక ఛానెల్ అమ్మాయి ఫోను చేసింది. "మేడమ్, మీరు ట్రెండింగ్! చేతిలో ఉల్లిపాయ పట్టుకుని ఒక్క లైను పాడతారా, ఫన్‌గా ఉంటుంది" అంది. "మీ ఇంట్లో ఎవరన్నా పోయినప్పుడు వచ్చి పాడతానమ్మా" అని పెట్టేశాను. అనకూడని మాట. అయినా అనిపించింది వాళ్ళే.

మా ఆయన మొదట్లో సర్దిచెప్పబోయాడు. "ఏదో ఒక రకంగా జనంలోకి వెళ్ళింది గదా. నవ్వడానికొచ్చినవాళ్ళలో నలుగురన్నా మొత్తం పాట వింటారు" అన్నాడు. వినలేదు. వచ్చినవాళ్ళు కింద నవ్వు బొమ్మలు పెట్టిపోయారు. తమ్ముడు గుర్తొచ్చాడన్న ఆవిడ మాట కింద కూడా నవ్వు బొమ్మలే. కొన్నాళ్ళకి చూస్తే ఆవిడ ఆ మాట తీసేసుకుంది.

మా అత్తగారి దగ్గర మామూలు ఫోనే. ఈ గోల ఆవిడకి తెలియదు. అయితే పక్కింటావిడ ఎవరో "మీ కోడలి పాట అందరి ఫోన్లలో వస్తందంట" అని చెప్పిందంట. పాపం, అంతవరకే చెప్పింది. మేం వెళ్ళేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది. కొడుకు పోయాక ఆ మొహంలో అలాంటి వెలుగు నేను చూడలేదు.

"నిజమేనా అమ్మాయ్? అందరూ వింటున్నారా?"

"వింటున్నారత్తయ్యా."

"ఏడుస్తున్నారా?"

మా ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"ఏడుస్తున్నారత్తయ్యా" అన్నాను. అబద్ధమే. మళ్ళీ అడిగినా అదే చెప్తాను. ఆ మొహం చూసి నిజం చెప్పగలిగినవాళ్ళెవరైనా ఉంటే వచ్చి నన్ను తిట్టండి. ఊళ్ళో నలుగురు ఆడవాళ్ళనీ విడివిడిగా పట్టుకుని, మా అత్తగారికి ఈ రీళ్ళ సంగతి చెప్పొద్దని బతిమాలాను. చెప్పం అన్నారు. చెప్పలేదు కూడా. ఊరు ఎంత గట్టిగా అరిచి మాట్లాడినా, ఆ ఒక్క విషయంలో నోరు కట్టుకుంది.

తర్వాత గుంటూరులో ఒక రిసెప్షన్ ఒప్పుకున్నాం. భోజనాలు మొదలయ్యాయి. పెళ్ళికొడుకు స్నేహితులు ఒక ట్రే నిండా ఉల్లిపాయలు పట్టుకుని స్టేజీ ముందుకొచ్చారు. "అక్కా, ఉల్లిపాయ! అక్కా, ఉల్లిపాయ!" అని అరుపులు. నేను వినిపించుకోనట్టు ఇంకో పాట ఎత్తుకున్నాను. ఒకడు ఒక ఉల్లిపాయ స్టేజీ మీద పెట్టి పిడికిలితో గుద్దాడు. వాడికి ఏం తెలుసు, పాటలో ఉంది కాబట్టి గుద్దాడు. మా ఆయన వాయించడం ఆపేశాడు. గిటారు తీసి సంచిలో పెట్టుకుంటుంటే పెళ్ళికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది? పిల్లలు సరదాపడి అడిగితే పాడటానికే గదా మిమ్మల్ని పిలిచింది?"

"అది మా అన్నండీ" అన్నాడు మా ఆయన.

"ఎవరండీ?"

"ఆ పాటలో ఉన్నాయన. మా అన్న. పోయాడు."

ఆయన పెద్దమనిషే, నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో, మాకు తెలియదండీ. పోనీ ఇంకేదన్నా పాడండి" అన్నాడు. ఆయన మాట పూర్తవలేదు, కుర్రాళ్ళు ఫోను స్పీకరుకి తగిలించి నా గొంతే పెట్టుకుని గంతులు మొదలుపెట్టారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా గొంతు అక్కడే మోగుతోంది. నా చేతిలో మైకుంది. ఏం చెయ్యాలో తెలియక వైరు చుట్టుకుంటూ నిలబడ్డాను.

మర్నాడు పాట తీసేశాం. తీసేస్తే మా దగ్గర పోయింది, అంతే. వాళ్ళ దగ్గర ఎక్కడ పోతుంది? ఎవడి ముక్క వాడి దగ్గరే ఉంది. ఇక మిగిలిందల్లా మా అత్తగారికి తెలియకుండా చూసుకోవడం ఒక్కటే. అదన్నా నిలబెడదాం అనుకున్నాం.

అంతలో పర్చూరులో ఆవిడ అన్న పోయాడు. పొగాకు రైతు, పెద్ద కుటుంబం. కబురు రాగానే ఆవిణ్ణి కారులో ఎక్కించుకుని బయల్దేరాం. అక్కడ కోడళ్ళూ, మనవరాళ్ళూ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ అందరూ ఉంటారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఈవిడకి తెలిసింది ఒక్కటే రాగం.

"అత్తయ్యా, ఒంట్లో బాగాలేదు గదా మీకు. ఇవాళ కొంచెం మెల్లగా ఏడవండి" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగి వింతగా చూసింది. "మెల్లగా ఏడవడమేందమ్మాయ్? నా తోడబుట్టినోడు" అంది.

ఇంటి ముందు షామియానా, కుర్చీలు, జనం. కారు దిగిన ఆవిడ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి అన్న పక్కన కూలబడింది. చెయ్యి పట్టుకుంది. పిలిచింది. పలకడని తెలిసి, గాలి గట్టిగా లోపలికి తీసుకుని రాగం ఎత్తింది.

"సైకిలెక్కించి బడికి దింపావు అన్నో
జ్వరమొస్తే మోసుకొచ్చావు అన్నో"

ఇందులో ఉల్లిపాయ లేదు. ఏమీ లేదు. రాగం ఒక్కటే. అదే చాలింది. నా వెనక ఎవరో దగ్గినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అవతల కుర్చీలో ఒక పెద్దాయన మీసాల మీద చెయ్యేసుకుని తల దించుకున్నాడు. మా అత్తగారు కూడా తలెత్తి చూసింది. ఆ కదిలే భుజాలు చూసింది. తనతోపాటు వాళ్ళూ ఏడుస్తున్నారనుకుంది. అనుకుని గొంతు ఇంకా పెంచింది. ఆ పెంచడంతో వాళ్ళ వల్ల కాలేదు. ఒకమ్మాయి ఫక్కున నవ్వేసింది. పక్కనావిడ "ఛీ, ఊరుకోవే" అంటూ తనూ నవ్వింది. అక్కణ్ణుంచి కుర్చీల దాకా పాకింది. ఆపుకుందామనే చూశారు అందరూ, అది నిజమే. చావింట్లో నవ్వకూడదని వాళ్ళకి మాత్రం తెలియదా? కానీ ఆపుకునే నవ్వు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు, దాన్ని పట్టలేం.

మా అత్తగారు నవ్వే మొహాలని ఒక్కొక్కటే చూసింది. వాళ్ళందరూ తెలిసినవాళ్ళు. కొందరిని చిన్నప్పుడు చేతుల్లో ఎత్తుకుని తిప్పింది. రాగం సగంలో ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని భుజం పట్టుకుంటే ఒళ్ళంతా బిగుసుకుపోయి ఉంది.

"కానివ్వండి, కానివ్వండి, ఎండెక్కుతోంది" అన్నారెవరో. ఆయన్ని లేపారు. తోడబుట్టినది పక్కనే ఉండి కూడా, ఆ అన్న ఆవిడ శోకం లేకుండానే వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెదనందిపాడు దాటాం. రెండువైపులా పత్తిచేలు. అప్పుడడిగింది.

"ఎందుకు నవ్వారురా?"

మా ఆయన కారు పక్కకి తీసి ఆపాడు. ముందుకి చూస్తూనే అంతా చెప్పాడు. చెప్పడానికి ఎంతో పట్టలేదు. ఆవిడ వెనక సీటులోంచి చెయ్యి చాపింది. "చూపించు" అంది నాతో. వద్దత్తయ్యా అన్నాను. చాపిన చెయ్యి తియ్యలేదు. ఆ మొదటివాడిదే చూపించాను, తువ్వాలు కప్పుకున్నవాడిది. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. అయిపోయి మళ్ళీ దానంతటదే మొదలైతే మళ్ళీ చూసింది.

"ఎవరీ అబ్బాయి?"

"తెలియదత్తయ్యా."

"మా వాణ్ణి ఎరుగునా?"

"లేదు."

ఫోను నా చేతికిచ్చేసింది. తిట్టలేదు. నేనైతే వాడి ఏడుతరాలనీ కడిగి ఆరేసేదాన్ని. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, కిటికీలోంచి చేల వైపు చూస్తూ కూర్చుంది. మమ్మల్ని కూడా ఒక్క మాట అనలేదు. నువ్వేడుస్తున్నారని చెప్పావు గదా అని నన్ను అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు.

"పోనీరా, ఇంటికి పద" అంది కొడుకుతో. తర్వాత నాతో అంది, మామూలు గొంతుతోనే, పాలు పొంగుతున్నాయేమో చూడు అన్నట్టు.

"ఇంక నేను వాడి కోసం ఏడవనమ్మాయ్. నేనేడిస్తే వాణ్ణి చూసి నవ్వుతారు."